గిన్నెల మీది ఓత్వం

మా ముత్తాత మంజీర ఒడ్డు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన తండ్రీ దేశ్‌ముఖే. శిస్తు వసూలు చేసి సర్కారుకు పంపింది వాళ్లు, పంచాయితీలు తెంపింది వాళ్లు. పెండ్లయినా చావయినా ఊరు ముందుగా వచ్చి నిలబడింది మా వాకిట్లోనే. తాత కాలానికి నిజాంసాగర్ కాలువ వచ్చింది, కాలువ వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట బోధన్‌కు ఫ్యాక్టరీ వచ్చింది. ఎన్ని వచ్చినా కోటలాంటి మా గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కొని ఎవరూ నడవలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న సంగతి రాస్తున్నాను. ఆ ఇంటికి చివరి బిడ్డను నేను. నా తర్వాత ఆ ఇంటి పేరు చెప్పుకునేవాళ్లు లేరు.

మొన్న చలికాలంలో, నా మోకాళ్లకు వైద్యం చేసే నర్సమ్మ తన కూతురి పెండ్లికి పిలిచింది. బోధన్‌లో, చర్చి ఆవరణలో పెండ్లి. చేతులు కడుక్కునే చోట నీళ్లు నింపిన పెద్ద ఇత్తడి గంగాళం ఉంది. గౌను వేసుకున్న ఒక పిల్ల దాని అంచు కింద చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి చదువుతోంది.

"దో... ర. దోర. దోర అంటే ఏందే అమ్మమ్మా?"

"జామకాయ ఉంటది సూడు, పచ్చిగ ఉండది, పండుగ ఉండది. గది దోర."

"మరి గంగాళం మీద ఎందుకు రాసిండ్రు?"

"ఎవరికెరుక? జామకాయలు కడిగేటోళ్లదేమో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జవాబు తెలిసిన మనిషిని పక్కనే ఉన్నాను. చేతులు కడుక్కొని వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. నవ్వినవాళ్లలో ఎవరైనా నన్ను గుర్తుపట్టి నవ్వారేమోనని మాత్రం ఒకసారి వెనక్కి చూశాను. అది మా ఇంటి అలవాటు.

ఆ గంగాళం మాది.

మా గడిలో సామాన్ల అర్ర అని ఒక చీకటి గది ఉండేది. తలుపు తీయగానే చింతపండు వాసన, పాత గోనెల వాసన, ఇత్తడి వాసన కలిసి ముఖానికి కొట్టేవి. గంగాళాలు, గుండిగలు, బిందెలు, చెంబులు నేల నుంచి దూలం దాకా ఉండేవి. ఊళ్లో ఎవరింట పెండ్లయినా వంట గిన్నెలు మా అర్రలో నుంచే పోవాలి, అది కట్టుబాటు. గిన్నెలు ఊళ్లో తిరిగి ఒకరివి ఒకరివాటితో కలిసిపోతున్నాయని, నేను పుట్టకముందే తాత వాటి మీద పేరు కొట్టించాడట. పేర్లు కొట్టేవాడు నాందేడ్ వైపు మనిషి, తెలుగు రాదు. ఏ పేరు కొట్టాలని అడిగితే తాత అన్నాడట:

"పేరెందుకు? దొర అని కొట్టు. ఈ ఊళ్ల ఎందరు దొరలున్నరు?"

ఊరి లెక్కలు రాసే పట్వారి బొగ్గుతో బండ మీద ఆ మాట రాసి చూపించాడు. చూసింది చూసినట్టే నాందేడ్ మనిషి ఉలితో గిన్నె గిన్నెకూ కొట్టిపోయాడు. తాత ఉర్దూలో చదువుకున్నవాడు. తెలుగు అక్షరాలంటే అది పట్వారి పని అన్నట్టు చూసేవాడు. బాపు కూడా ఉర్దూ చదువే. మా అవ్వకు, అంటే బాపు తల్లికి, ఏ చదువూ లేదు. అట్లా మా గడి ఆ గిన్నెల్లో ఒక తరం పాటు వండుకొని తిన్నది.

తెలుగు చదవడం మా ఇంట్లో మొట్టమొదట నేర్చుకున్నది నేను. రాష్ట్రాలు కలిసిన కొత్తలో ఊళ్లోకి తెలుగు బడి వచ్చింది. దొర బిడ్డ బడికి పోవడం ఏమిటని నాకు మాత్రం గడిలోనే పంతులును పెట్టారు. ఒత్వం, ఓత్వం నేర్చుకున్న వారంలో నాకు కనబడిన ప్రతిదీ చదివేదాన్ని. అగ్గిపెట్టె చదివేదాన్ని, ఎరువు సంచి చదివేదాన్ని.

చెరుకు నరకడం మొదలైన రోజున మా ఇంట్లో కొత్త బెల్లంతో పరమాన్నం వండి వచ్చినవాళ్లందరికీ పెట్టేవాళ్లు. ఆ రోజు పొద్దున్నించీ ఫ్యాక్టరీ వైపు నుంచి చెరుకు మడ్డి వాసన గాలిలో వస్తోంది. పుల్లగా, తియ్యగా, కొంచెం కాలినట్టుగా ఉండే ఆ వాసన పిల్లలమైన మాకు చలికాలం వచ్చిందని చెప్పే గుర్తు. మేనత్త, ఆమె భర్త బండిలో వచ్చారు. పట్వారి అరుగు మీద కూర్చున్నాడు. వడ్డిస్తున్నది తాళాలమ్మ.

తాళాలమ్మ గురించి చెప్పాలి. అవ్వ పెండ్లయి ఈ ఇంటికి వచ్చిననాడు, ఆమె వెంట తోడుగా పుట్టింటివాళ్లు పంపిన పిల్ల. అవ్వ ఈడుదే. అవ్వతోపాటు వచ్చింది, అవ్వతోపాటే ముసలిదయింది. అర్ర తాళాల గుత్తి ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేది, అందుకే ఆ పేరు. మా అమ్మ నన్ను కన్న ఏడాదే పోయింది. నాకు పాలు కలిపింది, తల దువ్వింది, తిట్టింది తాళాలమ్మే. ఆమె నడిస్తే ముందు గుత్తి చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు వింటేనే నాకు నిద్ర పట్టేది.

ఆ రోజు ఆమె నా ముందు పరమాన్నం గుండిగ దించింది. అక్షరాలు నా కళ్లకు ఎదురుగా ఉన్నాయి. గట్టిగా చదివాను.

"దోర."

"దొర అనాలె బిడ్డా," అన్నాడు బాపు.

"కాదు బాపూ. దొర అంటే ఒత్వం. గిక్కడ తోక పైకి తిరిగింది, ఓత్వం. దోర. దోర జామకాయ."

మేనత్త భర్త తొడ చరిచి నవ్వాడు. "అయితే మా మామ పండకుండనే పోయిండన్నట్టు!"

అవ్వ నవ్వలేదు. "ఏమయ్యా పట్వారీ, పోరి చదివింది నిజమేనా?" అని అడిగింది.

పట్వారి భుజం మీది తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "చిన్నదొర్సాని చదువు సక్కగనే ఉన్నది దొర్సానీ."

"నీ రాత సక్కగ లేదా మరి?"

"బొగ్గు రాత గదా దొర్సానీ. తోక కొంచెం వంకర పోయినట్టుంది."

ఆయన తువ్వాల తీసినప్పుడు నోరు మామూలుగానే ఉంది. కానీ అవ్వ ఆ తువ్వాలనే చూస్తూ ఉండిపోయింది.

ఆనాటి నుంచి మా ఇంట్లో నవ్వుల మీద విచారణ మొదలైంది. పాలేర్లు పశువుల కొట్టంలో నవ్వుకుంటే అవ్వ నన్ను పంపేది. "పోయి విని రా. నవ్వు ఎవని నోట్లెకెళ్లి వచ్చిందో, ఏ మాట మీద వచ్చిందో చెప్పు." నేను దాణా బస్తాల వెనక దాక్కొని వినేదాన్ని. వాళ్లు ఎద్దు గురించి నవ్వేవాళ్లు, ఒకడి అత్తగారి గురించి నవ్వేవాళ్లు. ఆ మాటే చెబితే అవ్వ నమ్మేది కాదు. "ఎద్దు అంటే ఎవరనుకున్నవు? మీ బాపు!" అనేది. పాత నవ్వులు కూడా ఒకటొకటి తవ్వి తీసింది. పాతికేళ్ల కింద ఒక పెండ్లిలో గుండిగ తిరిగి ఇస్తూ ఒక కాపాయన ఎందుకు పెదవి కొరుక్కున్నాడో ఇప్పుడు తెలిసిందన్నది. ఒకరోజు పోకచెక్క కత్తిరిస్తూ నెమ్మదిగా అన్నది:

"మీ తాత పాడె లేచినప్పుడు సుత ఒకడు నవ్విండు. దగ్గు అనుకున్న."

బాపుకు వేరే అనుమానాలు ఉండేవి. కౌలుదార్లకు కొత్త హక్కులు వచ్చాయి. గట్టు మీద ఎవరు నిలబడినా భూమి కొలుచుకుంటున్నారనే అనుకునేవాడు. రుద్రూర్ సర్కారు వ్యవసాయ ఫారం నుంచి కొత్త రకం చెరుకు ముక్కలు తెచ్చి ఇచ్చిన మనిషిని కూడా, ఇన్ని ఎకరాలున్నాయని రాసుకుపోవడానికే వచ్చాడని వాకిట్లో నుంచే పంపించేశాడు. ఎక్కడికి పోయినా గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు.

తర్వాత ఊళ్లో పెండ్లికి గిన్నెలు అడగ వస్తే అవ్వ ఇవ్వనన్నది. అది ఎన్నడూ లేని మాట. ఊరు వేరే అర్థం తీసింది. గడి గిన్నెలు కుదవకు పోయినయట, లోపల అర్ర ఖాళీ అట అని బావి కాడ అనుకున్నారు. ఆ మాట నేనే మోసుకొచ్చి అవ్వకు చెప్పాను. ఆమె వక్క నమలడం ఆపి, మళ్లీ నమిలింది.

ఒక పొద్దున జామ చెట్టెక్కి కూర్చున్నాను. వెనక వాకిలి తెరుచుకుంది. కళాయి సాయిబు బయట నిలబడి ఉన్నాడు. ఏటా మా వాకిట్లోనే గుంట తవ్వి, తిత్తి ఊది, గిన్నెలకు తగరం పూసి పోయేవాడు. నవసాగరం తెల్లపొగ ముక్కులో గుచ్చుకుంటుంటే మేం పిల్లలం చుట్టూ కూర్చొని తుమ్మేవాళ్లం. ఈసారి గుంట లేదు, పొగ లేదు. అవ్వ స్వయంగా ఒక బూడిద గంప అతని చేతికిచ్చింది. బూడిదలోంచి చెంబు మూతి ఒకటి మెరిసింది. తాళాలమ్మ పక్కనే ఉంది. అర్ర తాళం తీసి ఇచ్చింది ఆమే.

అవ్వ తల ఎత్తి నన్ను చూసింది. "నువ్వేం సూడలే. దొరల బిడ్డలకు కండ్లు తక్కువుండాలె."

ఆ గంపలు చాలాసార్లు పోయాయి. ఎందుకు పోతున్నాయో తాళాలమ్మే నాకు చెప్పింది, నా తలకు నూనె పెడుతూ. సాయిబు ఆకురాయితో ఆ తోకను గీకేస్తాడట. అన్నీ అయినాక ఒక్కసారి తెమ్మని అవ్వ ఒట్టు పెట్టించుకుందట.

"మరి గంగాళమో?"

"గంగాళం గంపల వడతదా పిచ్చిదానా? ఏనుగును కొంగుల దాసినట్టుంటది."

"మన ముందలనే గీకచ్చు గదా?"

"గీకుతున్నట్టు తెలిస్తే తప్పున్నట్టు ఒప్పుకున్నట్టే గదా. మీ అవ్వ సస్తది గని ఒప్పుకోది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో ఆ చలికాలం ఎవరికీ అనుమానం రాని నవ్వు అదొక్కటే.

తన మనవడిని తొట్టెలలో వేసే వేడుకకు గిన్నెలు కావాలని మేనత్త మళ్లీ వచ్చింది. అడగకుండా నేరుగా అర్ర దగ్గరికి పోయి తెరిపించింది. గంగాళం తప్ప మిగతా చోటంతా బోసిగా ఉంది. ఆమె అరుపుకు పాలేర్లు కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డారు. బాపు పడసాలలో కుర్చీలో, అవ్వ చాప మీద తమలపాకుల పళ్లెంతో, తాళాలమ్మ మెట్టు కింద.

"ఏమే, గిన్నెలకు కాళ్లొచ్చినయా?" అని తాళాలమ్మను అడిగింది మేనత్త.

"కాళ్లు రాలే దొర్సానీ. చేతులొచ్చినయి."

"ఎవరి చేతులు?"

"పెద్దదొర్సానిని అడుగుండ్రి."

అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ ఆకుకు సున్నం రాస్తోంది. ఆకు ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఈనె వెంట, ఎప్పుడూ రాసేదాని కంటే నిదానంగా రాసింది.

"నన్నడుగుతరేంది? తాళం నా నడుముకున్నదా?"

తాళాలమ్మ ముఖం నాకు కనబడింది. కోపం లేదు. తెలిసిన మనిషి పేరు ఒక్క క్షణం మర్చిపోయినట్టు చూసింది.

నేను అరిచాను. "అబద్ధం బాపూ! అవ్వనే బూడిద గంపల పెట్టి కళాయి సాయిబుకు ఇచ్చింది. నేను జామ చెట్టు మీదికెళ్లి సూసిన!"

బాపు నా మాట విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆయన చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. పాలేర్ల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఆ వాకిట్లో అందరి ఎదుట ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడినవాళ్లు కావాలి.

"పిల్లను లోపలికి తీస్కపోండ్రి," అన్నాడు. తర్వాత తాళాలమ్మతో, "తాళాలు గక్కడ పెట్టు," అన్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి గుత్తి తీసింది. బాపు ముందు పెట్టలేదు. చాప దగ్గరికి నడిచి అవ్వ ముందు, ఆకుల పళ్లెంలో పెట్టింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నేను ఆమె నోట దొర్సాని అన్న పిలుపు తప్ప వినలేదు. ఆ రోజు అన్నది:

"నువ్వు ముట్టిచ్చినవని నడుముకు కట్టుకున్న. నీకే ఇస్తున్న అక్కా."

అవ్వ తల ఎత్తలేదు. తాళాలమ్మ కట్టుబట్టలతో వాకిలి దాటింది. ఊళ్లో ఆమెకు ఎవరూ లేరు, పుట్టిన ఊరు ఆమెకు గుర్తు కూడా లేదు. బోధన్‌లో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్‌లో వంటకు కుదిరిందని కొన్నాళ్లకు తెలిసింది. నాకు తల దువ్వడానికి వేరే మనిషిని పెట్టారు. నేను అన్నం దగ్గర మొండికేశాను, పంతులు ముందు నోరు విప్పలేదు. తాళాల గుత్తి అవ్వ నడుముకు మారింది. నాకు మాత్రం ఆ చప్పుడుకు నిద్ర రాలేదు.

పసుపు ఉడికించే రోజుల్లో, ఊరంతా ఆ మట్టి వాసన కమ్ముకొని ఉండగా, కళాయి సాయిబు బండి నిండా గిన్నెలతో వచ్చాడు. అన్నీ వచ్చాయి, ఒక్కటి కూడా తప్పిపోలేదు. లోపల వెండిలాగా తగరం మెరుస్తోంది. బయట ప్రతిదాని మీద దొర అని ఉంది. దొ పక్కన మాత్రం బొటనవేలంత జాగా అరిగి, మిగతా ఇత్తడి కంటే పచ్చగా మెరుస్తోంది. ముందు ఆ తోకను ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇప్పుడు చూపు ముందు ఆ మరక మీదే పడుతుంది.

"కళాయికి పోయినయి," అన్నది అవ్వ.

బాపు ఒక చెంబు తీసుకొని ఆ అరిగిన జాగా మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. మరునాడు పొద్దున్నే కచ్చురం కట్టించాడు. కచ్చురమంటే మా ఇంటి గూడు బండి. దానికి తెల్ల ఎద్దులు, లోపల పరుపులు ఉండేవి. నన్నూ ఎక్కమన్నాడు. ఎక్కడికని అడగలేదు, నాకు తెలిసిపోయింది.

బోధన్ దారి పొడవునా చెరుకు బండ్లు. పిల్లలు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకుంటున్నారు. మా కచ్చురానికి చెరుకు బండ్లు పక్కకు తప్పుకోలేదు. మునుపు తప్పుకునేవి. బాపు అది చూశాడు.

హాస్టల్ గేటు ముందు కచ్చురం ఆగింది. బండి తోలే మనిషి దిగి లోపలికి పోయాడు. వంటింటి గుమ్మం గేటుకు దగ్గరే, మాటలు మాకు వినిపిస్తున్నాయి.

"దొర పిలుస్తున్నడు రావె."

"దొర యాడున్నడు?"

"కచ్చురంల."

"పిలిచేటోళ్లు దిగి పిలవాలె. రమ్మను."

బండి మనిషి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. బాపు చెయ్యి బండి కమ్మీ మీద పడింది. దిగుతాడనుకున్నాను. కాలు కూడా కదిలింది. గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు హాస్టల్ పిల్లలు నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకరు నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలియదు. పిల్లలు ఊరికే నవ్వుతారు.

బాపు కాలు వెనక్కి తీసుకున్నాడు.

నేను దూకి లోపలికి పరుగెత్తాను. తాళాలమ్మ మక్కగారెలు వేస్తోంది. నూనె చెయ్యి తుడుచుకొని నన్ను దగ్గరికి తీసుకుంది. నడుము బోసిగా ఉంది. చేతిలో వేడి గారె పెట్టింది.

"గిన్నెలన్నీ వచ్చినయి, ఇంటికి రా," అన్నాను.

"ఎరుకనే బిడ్డా. సాయిబు చెప్పిండు. గిన్నెల మీద గీత గీకిపిచ్చుకున్నరు, మంచిగున్నది. నా మీద గీసిన గీత ఎవరు గీకుతరు? గీకాలంటే దిగాలె గద." నా ముఖం చూసి గొంతు మార్చింది. "తిను, సల్లారితే తోలు లెక్క సాగుతది. మీ కొత్తామెకు తల దువ్వుడు రానే రాదు, పిచ్చుక గూడు పెట్టింది నెత్తి మీద."

అక్కడే కూర్చోబెట్టి నా జడ విప్పి మళ్లీ వేసింది. బయట ఎద్దుల గంటలు వినిపిస్తూనే ఉన్నాయి. జడ పూర్తయ్యేదాకా ఆమె గుమ్మం వైపు చూస్తూనే వేసింది. నేనూ చూశాను. ఎవరూ రాలేదు.

తిరిగి ఎక్కాక బాపు నా జడ చూశాడు. "ఏమన్నది?"

చెప్పాను, ఒక్క మాట వదలకుండా. ఆయన బండి తిప్పమన్నాడు. కాలువ వంతెన దాటాక అన్నాడు:

"ఆ పట్వారిగాడు కావాల్ననే రాసిండు."

అది ఆయన అనుమానం. నిజమేమో నాకు ఈనాటికీ తెలియదు. బొగ్గు గీత వంకర పోయి ఉండవచ్చు, మనసు వంకర పోయి ఉండవచ్చు. పట్వారి కూడా పోయాడు. ఆ కుటుంబం వాళ్లు ఎక్కడైనా ఎదురై నమస్కారం పెడితే ఇప్పటికీ వాళ్ల నోటి వైపు ఒకసారి చూస్తాను. బాపు దిగి ఉండవలసిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆయన పెరిగిన ఇంట్లో దిగడం ఎవరూ నేర్పలేదు. నేను మాత్రం ఆ రోజు దిగాను. ఆ తర్వాత కూడా, బోధన్ పోయిన ప్రతిసారీ దిగాను. తాళాలమ్మ నాకు జడ వేసేది, మా ఇంటి సంగతులు అడిగేది, అవ్వ ఆకు వేసుకుంటోందా అని అడిగేది. అవ్వ మంచం పట్టినప్పుడు కూడా ఆమె రాలేదు. అవ్వ పిలవలేదు. ఆఖరి రోజుల్లో అవ్వ తాళాల గుత్తిని దిండు కింద పెట్టుకొని, చప్పుడైతే ఉలిక్కిపడి, "ఎవరే, నువ్వేనా?" అనేది. ఎవరనుకొని అడుగుతోందో మేం ఎవ్వరమూ అడగలేదు.

బాపు పోయేనాటికి భూమి చాలావరకు చేతిలో లేదు. మిగిలినదానికి సీలింగు చట్టం వచ్చింది. గడి దర్వాజాలు, దూలాలు టేకు కొనేవాళ్లకు పోయాయి. అర్రలోని గిన్నెలను నిజామాబాద్ పాత ఇత్తడి దుకాణం వాళ్లు వచ్చి గోనెల్లో కట్టుకున్నారు. ఒకడు చెంబు తిప్పి చూసి, ఈ అరిగిన కాడ ఏముండె అని అడిగాడు. ఏమీ లేదన్నాను. గంగాళాన్ని కూడా ఎత్తబోతుంటే హాస్టల్ నుంచి ఒక మనిషి వచ్చి, దాన్ని తమకు అమ్మమని అడిగాడు. వంటామె చెప్పి పంపిందట, ఆ ఇంట్లో గీకని గిన్నె ఒక్కటి ఉంటుంది, అదే తెమ్మని.

మిగతావన్నీ తూకానికి అమ్మాం. గంగాళాన్ని గంగాళంగానే అమ్మాం.